ప్రార్థనతో ముగియవలెను

ఏసుదానం మాస్టారు ప్రార్థన చేస్తారని తెలిస్తే చాలు, పిట్టలవలస పేటలో ఆడవాళ్లు పొయ్యి మీది గిన్నె దించి మరీ చర్చికి బయల్దేరతారు. దించకుండా వచ్చినవాళ్ల ఇంట్లోంచి మాడిన వాసన ఆమేన్ కంటే ముందే వచ్చేస్తుంది. ఆయన ప్రార్థనలో ఊళ్లో ఎవర్నీ వదలరు. జ్వరాలు, పరీక్షలు, ఈనబోయే గేదెలు, మిలిటరీలో ఉన్న కుర్రాళ్లు, చివరికి ఆయనంటే గిట్టనివాళ్లకి కూడా తలో వాక్యం పంచాల్సిందే. బళ్లో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి, బాప్టిస్టు సంఘానికి పెద్ద. ఇంతకంటే చెడ్డ అలవాటేదీ లేదు కాబట్టి ఊరు ఓర్చుకుంటూ వచ్చింది.

అలాంటి మనిషిని సాక్షాత్తూ పార్లమెంటు వాళ్లే ప్రార్థన రాసి పంపమన్నారంటే ఇక ఆగుతారా!

సంగతేమిటంటే, పిట్టలవలసకీ బొబ్బిలి వెళ్లే రోడ్డుకీ మధ్య రైలు పట్టాలున్నాయి. పట్టాల దగ్గర లక్ష్ముడు కాపలా కాసే గేటొకటుండేది. గేట్లుంటే ప్రమాదాలని దాన్ని మూసేసి, పట్టాల కింద నుంచి అండర్‌బ్రిడ్జి తవ్వారు. మంచి ఉద్దేశమే, కాదనకూడదు. ఎండాకాలం అంతా ఆ దారి చల్లగా, హాయిగా ఉండేది. పిల్లలు అందులో నిలబడి కేకలు పెట్టి, తమ గొంతు తమకే తిరిగొస్తుంటే మురిసిపోయేవాళ్లు. వానలు మొదలవగానే పక్కనున్న గెడ్డ పొంగి, ఆ ఏటినీళ్లన్నీ ఈ పల్లంలోకి దిగాయి. మోటారు పెట్టి తోడుతుంటే ఇటు తోడిన నీళ్లు అటు నుంచి వచ్చేవి. ఇక బడిపిల్లలు, పాల కేన్లు, ఎరువు బస్తాలు, ఆఖరికి శవపేటికలు కూడా కంకర గుట్టెక్కి, అటూ ఇటూ చూసుకుంటూ పట్టాలు దాటాల్సిందే. పేటవాళ్ల సమాధుల స్థలం అవతలే ఉంది మరి. పట్టాల మీద మనిషి కాలు పడకూడదని చేసిన ఏర్పాటు ఊరు ఊరినే పట్టాలెక్కించింది.

అందరి కష్టం ఒక ఎత్తు, సుభద్రమ్మ కష్టం ఒక ఎత్తు. పల్లపు పొలాల్లో వరీ, మెట్ట మీద నువ్వులూ పండించే ఇల్లు ఆమెది. మొన్నటి వానల్లో ఆమె కోడలు శైలజకి నొప్పులొస్తే ట్రాక్టరు తొట్టెలో పడుకోబెట్టి బయల్దేరారు. అండర్‌బ్రిడ్జి నడిమధ్యలో ఇంజను నీళ్లు మింగి ఆగిపోయింది. నలుగురు ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టుకుంటే, నెత్తిమీంచి రైలు పోతుంటే, ఆ తొట్టెలోనే శైలజ ఆడపిల్లని కంది. నెత్తురు చాలా పోయింది. తల్లి బతకడం ఆశ్చర్యమనే డాక్టరమ్మ కూడా అంది. పిల్లకి సుహాసిని అని చక్కని పేరు పెట్టారు గాని, ఆ పేరు ఆధార్ కార్డు దాటి బయటికి రాలేదు. ఊరందరికీ ఆ పిల్ల గేటమ్మ.

అర్జీలు పెట్టని చోటు లేదు. ఆఖరికి దారి చూపించింది త్రినాథ్. మాస్టారి దగ్గర చదువుకున్న కుర్రాడే, ఇప్పుడు బొబ్బిలిలో ఎంపీ గారి ఆఫీసులో పనిచేస్తున్నాడు.

“ఇలాగ ఆఫీసుల సుట్టూ తిరిగితే అవ్వదు మాస్టారూ. లోక్‌సభకే అర్జీ రాయండి. మా ఎంపీ గారు సంతకం పెట్టి సభలో పెడతారు. అక్కణ్ణించి పిటిషన్ల కమిటీకి ఎల్తాది. ఆళ్లు రైల్వేని జవాబు అడుగుతారు. కావాలంటే మనల్ని పిలిచి వింటారు, నేకపోతే ఆళ్లే వచ్చి సూస్తారు. ఆకర్న సభకి రిపోర్టిస్తారు. ప్రభుత్వం ఏటి సేసిందో మళ్లీ ఆళ్లకే సెప్పుకోవాల” అన్నాడు.

“మనలాంటోళ్లది కూడా సూస్తారేటిరా?”

“ఎవరిదైనా సూస్తారు. కాపోతే కొన్ని రూల్సున్నాయి.” త్రినాథ్ జేబులోంచి కాగితం తీశాడు. “భాష మర్యాదగా ఉండాల. అందరి పేర్లూ, ఊరూ, సంతకాలూ ఉండాల. తెలుగులో రాస్తే ఇంగ్లీషు తర్జుమా పెట్టాల, అది నేను సేస్తాను. ఆకర్న ప్రేయర్ ఉండాల.”

“ఏటీ?”

“ప్రేయర్. అది నేకపోతే అస్సలు తీసుకోరు.”

మాస్టారు కాగితం లాక్కుని కళ్లజోడు సవరించుకున్నారు. ఉంది. అచ్చు తెలుగులోనే ఉంది. ‘అర్జీ ప్రార్థనతో ముగియవలెను.’ ఆయన ఒళ్లు పులకరించింది. ఇంటికొచ్చి కాళ్లయినా కడుక్కోకుండా భార్య లీలారాణిని పిలిచారు.

“సూసినావా లీలా! ఢిల్లీలో దైవభయం నేదంటారు. ప్రార్థన నేనిదే కాగితం ముట్టరంట!”

“అయితే కాస్త పొట్టిగా రాయండి. ఆళ్లకీ ఇళ్లల్లో వంటలుంటాయి కదా” అంది లీలారాణి.

ఆ ఆదివారం బడి వరండాలో ఊరంతా కూడింది. సుభద్రమ్మ ముందే ఒక మాట సిద్ధం చేసుకొచ్చింది. “మీ ఇళ్లల్లో ఆడకూతుళ్లు నేరేటి? మీ పెళ్లాలు నీళ్లల్లో కంటన్నారేటి? అని మొదలెట్టు మాస్టారూ.”

“అలాగ రాయకూడదమ్మా. మర్యాద భాషని రూలున్నాది.”

“మర్యాదగానే అడిగినాను కదా! ఒరే అన్నానేటి?”

ఆమె భర్త జగన్నాధం నవ్వు దాచుకోలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు. మొత్తానికి గేటు కథ, నీళ్ల కథ, శైలజ కథ అన్నీ వరసగా కాగితం మీదికెక్కాయి. చదువుతుంటే గట్టి గుండెలు కూడా తడిశాయి. ప్రార్థన దగ్గరికొచ్చేసరికి పేచీ వచ్చింది.

“ఊరందరి అర్జీ కదా. నీ దేవుడికి నువ్వు రాసేస్తే మా పైడితల్లమ్మ ఏటనుకుంటాది?” అంది సుభద్రమ్మ.

“ముకలింగేసుణ్ణి కూడా ఎయ్యి. ఆయన మా జిల్లాలోడే” అన్నాడు వెనకనుంచి ఎవడో శ్రీకాకుళం అల్లుడు.

మాస్టారు కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించారు. ఒక్క దేవుణ్ణే నమ్మిన మనిషి, పది పేర్లు రాయలేరు. అలాగని ఊరి మనసు కష్టపెట్టనూ లేరు. ఆఖరికి రాసి, నిలబడి చదివి వినిపించారు.

“ఎవరు ఏ పేరున పిలిచినను ఆలకించు ఓ దేవా, లోకసభలో కూర్చున్న పెద్దలకు ఆరోగ్యమును, చల్లని మనస్సును దయచేయుము. గేటు మూసినవారి మీద మాకు పగ లేదు. వారు మా మేలు కోరియే మూసిరి. ఉద్యోగమునకు వేరే ఊరు పోవలసి వచ్చిన మా గేటు లక్ష్ముడిని, అతని సంసారమును కాపాడుము. వాననీటికి దారి చూపిన నీవే మాకును దారి చూపుము. ఆమేన్.”

లక్ష్ముడి పేరు వినగానే గేటు దగ్గర అతని చేతి టీ తాగినవాళ్లందరూ తలలూపారు. సుభద్రమ్మ ముక్కు ఎగబీల్చి, “బాగున్నాది. సంతకం పెడతాను గాని ఆమేన్ మాత్రం అన్ననే అన్నను” అంది. పెట్టింది. ఊరంతా పెట్టింది.

త్రినాథ్ తర్జుమా చేశాడు, ఎంపీ గారు సభలో పెట్టారు. ఆ వార్త వచ్చిన రోజు మాస్టారు వీధిలో నడుస్తుంటే, ఆయనతో మాటల్లేనివాళ్లు కూడా లేచి నిలబడ్డారు.

మామిడిపళ్ల రోజుల్లో ఒక మధ్యాహ్నం త్రినాథ్ మోటారుసైకిలు మీద వచ్చాడు. మొహం వేలాడేసుకుని అరుగు మీద కూలబడ్డాడు.

“మాస్టారూ, కొంప మునిగింది. పిటిషనర్లు సభని ఏటి కోరతన్నారో ప్రేయర్లో ఎక్కడా నేదేటి అని కమిటీ ఆఫీసోళ్లు అడుగుతన్నారు.”

“అంత వివరంగా రాసినాను కదా!”

“ప్రేయరంటే దేవుడికి సేసేది కాదంట. కోర్టు కాగితాల్లో ‘మా ప్రార్థన ఏమనగా’ అంటారు సూడండి, అదంట. సభవారు పలానా పని సేయించవలెనని ప్రార్థిస్తున్నాము... అలాగ ఉండాలంట. మనం కష్టమంతా ఆళ్లకి సెప్పి, అడగాల్సిందంతా దేవుణ్ణి అడిగేసినాం. ఆళ్లని ఏటీ అడగనేదు.”

తెలుగు మాస్టారు! ప్రార్థనకి విన్నపమనే అర్థం కూడా ఉందని ఎంతమంది పిల్లల చేత రాయించలేదు! రోజూ నోట్లో నానే మాట కాబట్టే దానికి ఇంకో అర్థముందన్న సంగతే తట్టలేదు.

“తర్జుమా సేసినావు కదరా, నీకైనా తెలియనేదా?”

“మీరు రాసిందాంట్లో తప్పుంటాదని నేనెలాగనుకుంటాను మాస్టారూ? మీ దగ్గరే కదా సదువుకున్నాను” అన్నాడు త్రినాథ్, ఏడుపు గొంతుతో. “రైల్వేవోళ్ల జవాబు కూడా వచ్చేసిందంట. దారున్నాది, మోటారున్నాది, గేటు అక్కర్నేదని. ఆళ్లు అన్నీ ఉన్నాయంటన్నారు. మనం ఏటీ వద్దన్నట్టున్నాం. తిప్పి పంపించీడానికి ఇంతకంటే ఏటి కావాల?”

త్రినాథ్ అటు వెళ్లాడో లేదో, ఇటు సుభద్రమ్మ వచ్చింది. చంకలో గేటమ్మ, చేతిలో మామిడిపళ్ల బుట్ట, మొహం నిండా నవ్వు.

“మాస్టారూ, మా శైలజ మళ్లీ నీళ్లోసుకుంది. కార్తీకంలో పురుడు.” అంటూనే ఆమె నవ్వు కొంచెం తగ్గింది. “కార్తీకమంటే తుపాన్ల రోజులు. దానికి మళ్లీ అలాగైతే బతకదని డాక్టరమ్మ ముందే సెప్పీసింది. పిల్లకి రేత్రులు నిద్దర నేదు. నేనే అన్నాను, ఎందుకే బయ్యం, మాస్టారు రాసినారు, ఆ లోగా గేటు వచ్చేస్తాది అని. వస్తాది కదా?”

ఆయన నోరు తెరిచారు. తప్పు రాశానమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. “దేవుడున్నాడమ్మా” అన్నారు. అది అబద్ధం కాదు గాని, నిజం కూడా కాదని ఆయనకి తెలుసు. ఆమె ఇచ్చిన పళ్లల్లో ఒక్కటీ ఆయన గొంతు దిగలేదు.

ఆ తర్వాత ఆయన ప్రార్థనలు చిక్కిపోయాయి. అన్నం మాడడం మానేసింది. మాస్టారికి ఒంట్లో బాగోలేదని ఊరు చెవులు కొరుక్కుంది. లీలారాణి మాత్రం ఊరుకోలేదు.

“తెల్లారిలేస్తే దేవుడికి సెప్పుకుంటన్నారు. సెప్పాల్సింది సుభద్రమ్మకి. ఎల్లి సెప్పండి.”

“కొట్టేస్తాదే.”

“కొడితే కొట్టనీండి. మందు రాస్తాను.”

మూడుసార్లు సుభద్రమ్మ గుమ్మందాకా వెళ్లి, గొడుగు మరిచిపోయానని వెనక్కొచ్చేశారు. గొడుగు చేతిలోనే ఉండేది.

తిప్పి పంపుతారనుకున్న కాగితం తిరిగి రాలేదు. ఆషాఢంలో ఇంకో కబురొచ్చింది. కమిటీవాళ్లు విశాఖపట్నం వస్తున్నారు, దారిలో పిట్టలవలస కూడా చూస్తారు. ఊరు సంబరపడింది. మాస్టారికి మాత్రం గుండెలో రాయి పడింది. ఇంతదూరం వచ్చి, తను చేసిన తప్పు నలుగురి ముందూ చెప్పి పోతారు కాబోలు!

వాళ్లొచ్చిన రోజు ఉదయం జల్లు పడి తెరిపిచ్చింది. కార్ల వరస అండర్‌బ్రిడ్జి ముందుకొచ్చి ఆగింది. ముందుకు పోయే దారి లేదు, లోపల మోకాలి పైకి నీళ్లున్నాయి. పక్కన మోటారు పాపం తన పని తాను చేస్తూనే ఉంది. కమిటీ పెద్ద వేరే రాష్ట్రం ఎంపీ, జుట్టు నెరిసిన ఆవిడ. కారు దిగి, చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, నీళ్ల అంచుదాకా వచ్చారు. ఊరంతా గుట్ట దిగి ఆమె చుట్టూ చేరింది. సుభద్రమ్మ నోరు మెదపనని గేటమ్మ మీద ఒట్టేసి వచ్చింది కాబట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆ పక్కన నాలుగు నెలలు దాటిన కడుపుతో శైలజ.

ఆవిడ హిందీలో అడగడం, త్రినాథ్ తెలుగులో చెప్పడం. రైల్వే అధికార్లు కూడా తమ మాట మర్యాదగానే చెప్పారు. ఆవిడ అన్నీ విని, ఫైలు తెరిచి, “ఇది రాసిన ఏసుదానం గారెవరు?” అన్నారు.

మాస్టారు ముందుకొచ్చారు. గొడుగు మూశారు.

“మా ఆఫీసువాళ్లు దీన్ని తిప్పి పంపుదామన్నారు. నేనే ఆపాను” అన్నారావిడ. త్రినాథ్ ఒక్కొక్క మాటే తెలుగు చేస్తున్నాడు. “మాకొచ్చే కాగితాలన్నీ కోపంగా ఉంటాయి. ఉండాలి కూడా. మా ఆరోగ్యం బాగుండాలని కోరుతూ వచ్చింది ఇదొక్కటే. వెళ్లిపోయిన గేటు మనిషిని కూడా తలుచుకున్నారు. ఇలాంటి ఊరిని చూడాలనిపించింది. కాని ఒక ఇబ్బందుంది మాస్టారు గారూ. ఇందులో మీరు మమ్మల్ని ఏమీ అడగలేదు. అడిగిందంతా దేవుణ్ణే అడిగారు. మీరు అడగనిది నేను సభకి ఎలా చెప్పను?”

ఊరంతా మాస్టారి వైపు తిరిగింది. సుభద్రమ్మ కొంగు నోటి మీంచి జారిపోయింది. ఆమె కళ్లల్లో కోపం లేదు, ఇంకా అర్థం కాకపోవడం ఉంది. కోపమే ఉండి ఉంటే ఆయన తట్టుకునేవారు.

ఆవిడ ఫైలు మీద కలం ఆనించారు. “ఇప్పుడైనా చెప్పండి. మమ్మల్ని ఏమడుగుతున్నారు?”

అలవాటు కొద్దీ ఆయన కళ్లు మూసుకున్నారు. పరిశుద్ధుడవైన తండ్రీ అని పెదవుల దాకా వచ్చింది. పక్కనే శైలజ కాళ్లకి నీళ్లు తగిలిన చప్పుడైంది. మాస్టారు కళ్లు తెరిచారు. జీవితంలో కళ్లు తెరిచి చేసిన మొదటి ప్రార్థన అదే.

“అమ్మా, పట్టాల పైనుంచి వంతెన కట్టించండి. అది కట్టేదాకా మా గేటు మాకు తెరిపించండి. కార్తీకంలో మా ఊళ్లో పురుడున్నాది.”

అంతే. ఇంకేమైనా ఉందేమోనని అందరూ చూశారు. ఊళ్లో ఎవరి పేరూ, ఏ గేదె ఊసూ రాలేదు. ఆయన గొడుగు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డారు.

“ఆమేన్!” అంది సుభద్రమ్మ.

గట్టిగా అంది. అనేశాక తనే ఉలిక్కిపడింది. ఆ వెంటనే లీలారాణి అంది, జగన్నాధం అన్నాడు, మొత్తం గుంపు అంది. అండర్‌బ్రిడ్జి గోడలు కూడా ఆ మాటని తిరిగి పలికాయి. త్రినాథ్ హిందీలో చెప్పగానే కమిటీ పెద్ద నవ్వి, రాసుకుని, కలం మూత పెట్టారు. “ఇప్పుడు అర్జీ పూర్తయింది” అన్నారు.

కార్లు వెళ్లిపోయాక సుభద్రమ్మ నెమ్మదిగా ఆయన దగ్గరికొచ్చింది.

“ఎప్పట్నించి తెలుసు నీకు?”

“నువ్వు పళ్లట్టుకొచ్చిన రోజునించి.”

“అన్నాళ్లూ కడుపులో పెట్టుకు తిరిగినావా! నాకు సెప్తే కొట్టేస్తాననుకున్నావేటి?”

“అనుకున్నాను.”

“కొట్టీదును” అంది ఆమె. అని, కడుపుబ్బా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. మాస్టారి గుండెల మీంచి ఆ రాయి దొర్లి, ఎక్కడ పడిందో మళ్లీ కనిపించలేదు. ఇంటికెళ్లి ఆయన రెండు పూటల అన్నం ఒక్క పూటలో తిన్నారు.

దసరా వెళ్లిన వారానికి గేటు తెరిచారు. కమిటీ రిపోర్టు సభకి వెళ్లింది, వంతెనకి కొలతలు తీసుకుపోయారు. వంతెన ఎప్పటికొస్తుందో మాత్రం చెప్పలేం, అది మన దేశంలో ఇంకో పెద్ద ప్రార్థన. గేటు దగ్గరికి మళ్లీ లక్ష్ముడే వచ్చాడు. అర్జీలో తన పేరుందని విని, మొదటి రోజు అందరికీ ఉచితంగా టీ పోశాడు.

కార్తీకంలో, అనుకున్నట్టే, ముసురు పట్టింది. గెడ్డ పొంగింది, అండర్‌బ్రిడ్జి నిండింది. ఒక శనివారం పొద్దున్న నూట ఎనిమిది బండి ఊళ్లోకొచ్చి, శైలజని ఎక్కించుకుని, లక్ష్ముడు ఎత్తి పట్టిన గేటు కిందనుంచి చక్కగా అవతలికి వెళ్లిపోయింది. చక్రాలకి బురదయినా సరిగ్గా అంటలేదు. బొబ్బిలి ఆస్పత్రిలో పొడి దుప్పటి మీద, మధ్యాహ్నం భోజనాల వేళకి మగపిల్లాడు పుట్టాడు. తల్లీబిడ్డా క్షేమం. సుభద్రమ్మ ఫోన్‌లో ఏడుస్తూ అరిచిన అరుపుకి లీలారాణి చెవి సాయంత్రందాకా గుయ్యిమంది.

మర్నాడు ఆదివారం. పేటలో ఆడవాళ్లందరికీ తెలుసు, ఇవాళ మాస్టారి ప్రార్థన ఆకాశాన్నంటుతుందని. ఎవరికి వాళ్లు పొయ్యి మీది గిన్నెలు దించి, పొయ్యి కట్టేసి మరీ వచ్చారు. వెనక బెంచీ మీద సుభద్రమ్మ కూడా వచ్చి కూర్చుంది, ఒళ్లో గేటమ్మతో.

మాస్టారు లేచి నిలబడ్డారు. కళ్లు మూసుకున్నారు. ఎన్నాళ్లుగానో మోస్తున్న పేర్లూ, రోగాలూ, భయాలూ వెతికితే ఒక్కటీ అందలేదు. ఆ క్షణాన ఆయన మనసంతా బొబ్బిలిలో ఆ పొడి దుప్పటి మీదే ఉంది.

“తండ్రీ” అన్నారు. “ఈయేళ అడగడానికేటీ నేదు. ఆమేన్.”

జనం తేరుకుని ఆమేన్ అనేసరికి ఆయన కూర్చునే ఉన్నారు. ఇళ్లకెళ్లి చూసుకుంటే, దించిన గిన్నెలు ఇంకా వేడిగానే ఉన్నాయి.